పసుపు రాసిన బేస్ గిటారు

ఇప్పటివాళ్లకి ఏమీ తోచకపోతే ఫోను తీస్తారు. పాటలు ఇంకా క్యాసెట్లలో ఉన్న ఆ రోజుల్లో నాలాంటివాడికి ఏమీ తోచకపోతే అమలాపురం బస్టాండుకి వెళ్లి, ఎక్కడికీ పోయే పని లేకపోయినా, వచ్చేపోయే బస్సుల బోర్డులు చదువుకుని తిరిగి రావడమే. మాది మండపేట. ఓ క్యాసెట్ల దుకాణంలో పని దొరికి అమలాపురం వచ్చాను. పగలంతా జనం అడిగిన పాటలు ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించడం, సాయంత్రం అద్దెగదిలో గోడవైపు తిరిగి అన్నం తినడం. అలాగని ఊళ్లో మర్యాదకి లోటు లేదు. ఎదురైన ప్రతివారూ "బాగున్నారా అండీ?" అనేవారు. నేను "ఆయ్, బాగున్నానండి" అనేవాణ్ణి. ఆ పూటకి నా నోటికి పని అయిపోయేది.

నేను వెళ్లే చర్చిలో పాటల బృందం ఒకటి ఉండేది. వాళ్లు శనివారం సాయంత్రాలు ప్రాక్టీసు చేస్తుంటే కిటికీ బయట నిలబడి వినేవాణ్ణి. ఒకరోజు కీబోర్డు మాస్టారు (బళ్లో లెక్కల టీచరు, తాళం తప్పినవాళ్లకి తొడపాశం పెడతారని ప్రతీతి) నన్ను చూసి, "అక్కడ నిలబడ్డారేంటండీ, లోపలికి రండి. అన్నీ ఉన్నాయండి మనకి, ఒక్క బేస్ గిటారే లేదు. వాయించేవారుంటే బాగుణ్ణు" అన్నారు. ఆయన మాటవరసకే అన్నారు. నాకు మాత్రం ఆ "మనకి" తప్ప ఇంకేమీ చెవికెక్కలేదు. "నేను వాయిస్తానండి" అనేశాను. పాట అడుగున దుమ్ దుమ్మని మోగే ఆ బేస్ గిటారుని అప్పటికి నేను చూసింది క్యాసెట్ అట్టల మీదే.

కొనాలంటే మద్రాసు వెళ్లాలన్నారు. కొత్తపేటలో ఒక మేస్త్రిగారు చేసిపెడతారని మా దుకాణం యజమాని చెప్పారు. ఆయన అసలు పని తలుపులూ ద్వారబంధాలూ. ఎప్పుడో పగిలిన వీణకి అతుకు వేసినందుకు అందరూ వీణ మేస్త్రిగారు అనేవారు. నేను క్యాసెట్ అట్ట చూపించాను. ఆ బొమ్మలో గిటారు సగం గాయకుడి వెనకాల దాక్కుని ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సగం ఉన్నది ఉన్నట్టు దించేస్తానండి. కనపడని సగం నాకు వదిలెయ్యండి" అన్నారు. వదిలేశాను. తీగలూ కరెంటు సామానూ మద్రాసు వెళ్లేవారెవరిచేతో తెప్పించాం. పనసచెక్క ఆరాలన్నారు, తర్వాత వానలన్నారు, ఆపైన ఎవరో పెళ్లివారి తలుపులన్నారు. ప్రతి సెలవుకీ బస్సెక్కి వెళ్లి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. (నిజం చెప్పొద్దూ, ఆలస్యమైనందుకు నాకేం బాధ లేదు. మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికారు.)

చివరికి అయింది. కనపడే సగం అచ్చం బొమ్మలోలాగే ఉంది. కనపడని సగం మీద తామరపువ్వు, దానికి అటొకటీ ఇటొకటీ చిలకలు. బరువు మాత్రం తలుపు బరువే. ఆయన చేతికి ఇవ్వబోతూ ఆగి, లోపల్నుంచి పసుపు తెప్పించి గుమ్మానికి రాసినట్టు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. "మేస్త్రిగారూ, ఇది చర్చికండి" అన్నాను. "ఎక్కడికైనా అవనివ్వండి. పసుపు రాయకుండా నా చేతిమీదుగా ఏ చెక్కా బయటికెళ్లలేదండి" అన్నారు. బస్సులో కండక్టరు, "ఆ ఉయ్యాలబల్ల టాపు మీద వేసెయ్యండి" అన్నాడు. ససేమిరా అన్నాను. అమలాపురం దాకా చంటిపిల్లలా ఎత్తుకునే నిలబడ్డాను.

దుకాణం మూసే వేళ దాన్ని స్పీకరుకి తగిలించి, క్యాసెట్లు వింటూ వేళ్లు బొబ్బలెక్కేదాకా నేర్చుకున్నాను. క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒక శనివారం ప్రాక్టీసుకి తీసుకెళ్లాను. పాస్టరమ్మగారు, "ఎవరికి బాబూ పెళ్లి, పసుపు వాసనొస్తంది?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు చూశాను, మాస్టారి ముందు కొత్త కీబోర్డు. ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కితే చాలు, బేస్ దానంతటదే మోగుతోంది. నా చేతిలోది చూసి ఆయన మొహం వాడిపోయింది. "ఇది మొన్నే వచ్చిందండి. అయినా పర్వాలేదండి, మీరూ నిలబడండి" అన్నారు. వద్దనడం వాళ్లకి రాదు, అడగడం నాకు రాదు. యాంప్లిఫయరులో వైరు పెట్టే చోట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఎవరూ ఇబ్బంది పడకుండా నా వైరు కొసని నేనే చాప కిందికి దోపేశాను.

క్రిస్మస్ రోజున పాటలన్నీ అలాగే వాయించాను. ఒక్క తప్పు పోలేదు, ఒక్క చప్పుడూ రాలేదు. అయ్యాక అందరూ చుట్టూ చేరి "అదరగొట్టేసేరండీ!" అన్నారు. భోజనాల దగ్గర మాస్టారు నా పక్కన కూర్చుని, తన విస్తట్లో ముక్క తీసి నా విస్తట్లో వేసి, "శనివారం పెందరాళే వచ్చెయ్యండి" అన్నారు. వెళ్లాను. మా దుకాణం మూతపడి నేను ఊరు విడిచేదాకా ప్రతి శనివారమూ వెళ్లాను. వైరు సంగతి వాళ్లూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు సొంత యాంప్లిఫయరు ఉంది. గది తలుపు వేసుకుని తగిలిస్తే నాలుగు తీగలూ కిటికీలు అదిరేలా మోగుతాయి. నిజంగానే బాగా వాయిస్తానని అప్పుడు తెలుస్తుంది. కానీ పాట సగంలోనే చెయ్యి ఆగిపోతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు ఇంత బాగా వినపడి ఏం చేసుకోను? నాలో నేనే నవ్వుకుని, స్విచ్చి ఆపేసి, మళ్లీ మొదట్నుంచి వాయించుకుంటాను.