నాన్న చెయ్యి నేను వదిలిన రోజు

నా చిన్నప్పుడు నాకు దయ్యాలంటే పెద్ద లెక్క లేదు గానీ, మా ఇంటి గడపంటే మాత్రం భయం. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో చివరి వరసలో రెండు గదుల ఇల్లు మాది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న ఆ గడప ముందుకు వచ్చి ఆగిపోవడం మొదలుపెట్టాడు. నడుచుకుంటూ వచ్చినవాడు సరిగ్గా అక్కడ, పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోయేవాడు. ఒళ్లు ముందుకు వంగేది, మడమలు అదిరేవి, కాలు మాత్రం లేచేది కాదు. లోపలి నుంచి చూసే నాకు, ఇల్లే ఆయన్ని రానివ్వడం లేదేమో అనిపించేది.

డాక్టరు చెప్పింది మా అమ్మకు ఒక్కదానికే తెలుసు. అది నరాల జబ్బు, ఏటికేడాది ముదురుతుంది, మందులు కొంతకాలం ఆపుతాయి గానీ తగ్గించలేవు. ఆ మాట బయటికి పొక్కితే నాన్నను పనికి తగడని తేలుస్తారని, క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వస్తుందని అమ్మ భయం. అందుకే అంతా కడుపులో దాచుకుంది. మనం చెప్పకపోతే చుట్టుపక్కలవాళ్లు ఊరుకుంటారా? తాగుతున్నాడని కొందరన్నారు. ఇంట్లోనే ఏదో ఉందని ఇంకొందరన్నారు.

ఇంట్లో ఉందన్నవాళ్ల దగ్గర రుజువు కూడా ఉంది. మా నాన్న కీమాన్. సుత్తి భుజాన వేసుకుని తన హద్దులోని పట్టాల పొడుగునా నడిచి, పట్టాలను పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే బిగించడం ఆయన ఉద్యోగం. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నా ఆ నడక మానలేకపోయాడు. సాయంత్రం అయ్యేసరికి మా వెనకున్న సైడింగులోకి, బళ్లను పక్కకు నిలిపే లైనులోకి వెళ్లేవాడు. విచిత్రమేమిటంటే, గడప దగ్గర కదలని మనిషి పట్టాల కింద పరిచిన స్లీపరు చెక్కల మీద ఒకదాని తర్వాత ఒకటి చక్కగా అడుగేసుకుంటూ పోయేవాడు. దాంతో, డాక్టరు మాట తెలిసి కూడా, దోషం ఇంటిదేనని అమ్మ నమ్మేసింది. గుమ్మానికి గుమ్మడికాయ వేలాడదీయించింది. దాని మొహం చూశాక నా భయం రెట్టింపయింది. పట్టాల మీదైతే ఆయనకేమీ కాదన్న ధీమాతో, రోజూ నన్ను తోడిచ్చి మరీ సైడింగుకు పంపేది. మేము చేసిన తప్పు అదే.

ఆ సైడింగులోకి బండి వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఆ రోజు నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. నా పొట్టి కాళ్లకు స్లీపర్లు అందడం లేదని వెక్కిరించాడు కూడా. ఇంతలో మలుపు అవతల ఇంజను కూత వినిపించింది. పక్కకు తిరిగి, ఒక్క పట్టా దాటితే చాలు. నాన్న సగం తిరిగాడు. అక్కడే ఆగిపోయాడు.

రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. బేగి రా నాన్నా, బేగి రా అని అరిచాను. నేను లాగే కొద్దీ ఆయన ఇంకా బిగుసుకుపోయాడు. చెయ్యి చెమటతో జారుతోంది. నా మొహంలోకి చూశాడు. నాన్నలు భయపడతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ కళ్లు చూశాక ఇంకా గట్టిగా లాగాను.

మా పక్క క్వార్టరులో ఒక తాతయ్య ఉండేవారు. పట్టాల గ్యాంగుకు మేస్త్రీగా చేసి రిటైరయ్యారు. సైడింగు పక్క బాటలో చేతికర్రతో నడుస్తున్న ఆయన మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చారు.

"సెయ్యి ఒగ్గీవే గుంటా," అన్నారు.

నేను వదల్లేదు. ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు లాగే కొద్దీ ఆడి కాళ్లు బిగిసిపోతన్నాయి. ఒగ్గేసి, పట్టాల బయట నిలబడి రెండు సేతులూ పైకెత్తు. ఇంజనోడు సూత్తాడు."

వదిలేశాను. వదిలేస్తూ, మా నాన్నను నేనే చంపేస్తున్నాను అనుకున్నాను. నాన్న వైపు వీపు పెట్టి చేతులెత్తి నిలబడ్డాను. మలుపులోంచి ఇంజను నల్లటి మొహం బయటికొచ్చింది. వెనక తాతయ్య మాట వినిపిస్తోంది. నాన్న కాలి ముందు తన కర్ర అడ్డంగా పెట్టి, "తమ్ముడూ, ఇది స్లీపరనుకో. దాటు. తొందర్లేదు," అంటున్నారు. ఎదర ఇంజను వస్తుంటే తొందర లేదంటున్నారు ఆ మనిషి.

కంకర మీద చెప్పు చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. ఇంజను కీచుమంటూ చాలా దూరంలోనే ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే నాన్న పట్టా దాటి, బాట మీద కూలబడి వణుకుతున్నాడు.

ఆ సాయంత్రమే తాతయ్య మా ఇంటికి సున్నం, కుంచె పట్టుకొచ్చారు. వాకిట్లోంచి గడప మీదుగా మంచం దాకా, స్లీపర్ల మధ్య ఉండేంత ఎడంతో నేల మీద అడ్డగీతలు గీశారు. నాన్న ఒక్కొక్క గీతే దాటుకుంటూ లోపలికి వచ్చాడు. అమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చి, డాక్టరు చెప్పిందంతా మొదటిసారి బయటపెట్టింది. మర్నాటి నుంచి తాతయ్య ఆ వరసలో ఇల్లిల్లూ తిరిగి, అది తాగుడూ కాదు దయ్యమూ కాదు, జబ్బని చెప్పారు. వాళ్లలోనే కొందరు వంతులేసుకుని నాన్నను నడిపించారు.

నాన్నకు తగ్గిపోతుందా అని తాతయ్యను అడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు. "తగ్గదమ్మా. ఆడు నీకన్నా ఎక్కువ భయపడతన్నాడు. నీ భయం కూడా ఆడి మీద ఎయ్యకు."

గీతలు మూడేళ్లు పనిచేశాయి. అమ్మ భయపడ్డట్టే క్వార్టరు పోయింది, బిర్సానగర్‌లో అద్దె ఇంటికి మారాం. తర్వాత ఏ గీతా నాన్న కాలు లేపలేకపోయింది. మంచం మీద ఉన్న ఏళ్లలో ఆయన పక్కన కూర్చుని నేను భయపడని రోజు లేదు. అది ఆయనకు కనపడకుండా ఉండటం మాత్రం నేర్చుకున్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అదే ఊళ్లో, బారిడీహ్‌లో మా కింది అంతస్తులో ఉండే తెలుగువాళ్లింట్లో పెద్దాయనకు అదే జబ్బు. మొన్న లిఫ్టు ముందు ఆయన ఆగిపోతే, కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని హిందీలో "చలో పాపా, జల్దీ" అంటూ లాగుతున్నాడు. వెనక జనం చేరారు. ఆ అబ్బాయి మొహంలో కోపం లేదు. ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు.

దగ్గరికి వెళ్లి, చెయ్యి వదులు బాబూ, అన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట భయపడకుండా అనడం నాకు చేతకాలేదు. ఆ అబ్బాయి నా వైపు ఒకసారి చూసి, వదిలాడు.