గుగ్గిలం దుంగతో కుస్తీ

మొన్న అరకు సంతలో ఒకామె ఇప్పనూనె డబ్బా మూత తీసింది. ఆ చేదు జిడ్డు వాసన ముక్కుకు తగలగానే నా ఒళ్లు జలదరించింది. పక్కనున్న మా కోడలు "ఏటత్తా, సలేత్తందా?" అంది. చలి కాదు. అది మా అయ్య ఒంటి వాసన. ఈ కొండల్లోకి ఇంకా రైలు రాని రోజుల్లో, నేను చిన్న గుంటపిల్లగా ఉన్నప్పుడు, ఒక చలికాలమంతా మా ఇంటినిండా అదే వాసన.

మా ఊరికీ అవతలి ఊరికీ నడుమ ఒక కొండ ఉండేది. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకు పోవాలి. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లను ఆడవాళ్లు పేడనీళ్లతో కొట్టి, నోటికొచ్చిన తిట్లు తిట్టి ఊళ్లోకి రానిచ్చేవారు. దుప్పులూ అడవిపందులూ మిగిలింది ఆ కొండ మీదే కాబట్టి, పండుగకు ముందు రెండు ఊళ్ల నుంచీ ఒక్కొక్కరు కుస్తీ పట్టేవారు. నెగ్గిన ఊరిదే ఆ ఏటికి కొండ. ముందటేడు మా తరఫున అయ్యకు అన్న, మా పెద్దయ్య దిగాడు. పట్టు మధ్యలో అవతలి ఊరి బొంజు అనేవాడు మా పెద్దమ్మ మీద ఏదో కూత కూశాడు. పెద్దయ్య ఒళ్లు తెలియని కోపంతో మీదికి దూకాడు. ఆయన మోకాలు విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిచినట్టు నాకు వినిపించింది. ఆ తరువాత ఆయన కర్ర లేకుండా నడవలేదు.

ఈసారి అయ్య వంతు. అయ్యకు బలానికి లోటు లేదు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. నాయనమ్మ ఆ సంగతి ఎరుగును. "నీకు సెవులెక్కువరా గాసీ. ముందు అయ్యి మూసుకోవాల" అంది.

పుష్యమాసపు మంచు ఇంకా విడవకముందే, చోడి అంబలి తాగి, ఒళ్లంతా ఇప్పనూనె పట్టించుకుని, పెరట్లో పాతిన గుగ్గిలం చెట్టు దుంగను మనిషి మెడ పట్టినట్టు పట్టుకుని అయ్య నిలబడేవాడు. ఎవరేమన్నా, ఏం చేసినా పట్టు వదలకూడదు. అప్పుడు నాయనమ్మ పురమాయించిన వీధి ఆడవాళ్లంతా చేరి, పండుగనాటి పేడనీళ్లు ముందే కలిపి మొహాన కొట్టేవారు. వెదురు బద్దలతో వీపు చీరేవారు. పెద్దయ్య కుంటి నడకనూ, చచ్చిపోయిన మా అమ్మనూ, దేన్నీ వదలకుండా తిట్టేవారు. పిల్లలకు అంతకు మించిన ఆట లేదు. నేనూ దోసిళ్లతో పేడనీళ్లు కొట్టాను, పగలబడి నవ్వాను. అందరి గొంతుల మీదా నాయనమ్మ గొంతే లేచేది: "ఒగ్గీరా గాసీ, నడుం ఇరుగుతాది, ఒగ్గీ!" ఆ మాట విని వదిలేశాడా, మళ్లీ మొదలు. తొలిరోజుల్లో ఒకసారి అయ్య దుంగను వదిలి, చేతికందిన కుండ విసిరితే పక్కింటామె నుదురు చిట్లింది. ఆమె నెత్తురు తుడుచుకుని ఇంకా గట్టిగా తిట్టింది. మాఘం వెళ్లేసరికి వీపు మీద నెత్తురు కారుతున్నా అయ్యకు రెప్ప కదిలేది కాదు. "అయ్యా, కూటికి రా" అని నేను పిలిస్తే కూడా తిరగలేదు. నాకు భయం వేసింది. నాయనమ్మ మాత్రం మురిసిపోయింది.

ఫాల్గుణంలో, కొండవాగు గెడ్డ ఒడ్డు ఇసుకలో, డప్పుల మోత నడుమ ఇద్దరూ దిగారు. బొంజు తిట్టాడు, మొహాన ఉమ్మాడు, చివరికి అయ్య చెవి కొరికి చీల్చాడు. అయ్య చలించలేదు. వాడి మెడ చంకలో బిగించాడు. ఓడినవాడు అరచేత్తో నేలను కొడితే వదిలేయాలన్నది కట్టుబాటు. బొంజు కొట్టాడు, మళ్లీ మళ్లీ కొట్టాడు. డప్పులు ఆగిపోయాయి. నాయనమ్మ పరుగెత్తుకొచ్చి "ఒగ్గీరా గాసీ, సచ్చిపోతాడు, ఒగ్గీ!" అని గొంతు చించుకుంది. ఆ మాట, ఆ గొంతు, చలికాలమంతా విన్నవే. అయ్య ఇంకా బిగించాడు. పెద్దయ్య తన ఊతకర్రతో అయ్య చేతుల మీద బాదాడు. ఆ దెబ్బలూ అలవాటైనవే. నలుగురు కలిసి వేళ్లు విడదీసేసరికి బొంజు మెడ వేలాడుతోంది, నోట్లోంచి వచ్చిన నెత్తురు ఇసుకలో ఇంకిపోతోంది. అయ్య మా అందరినీ చూసి "నెగ్గానా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే అవతలి ఊరివాళ్లు మా వీధికి నిప్పు పెట్టారు. మావాళ్లు గొడ్డళ్లు తీశారు. మరో ఇద్దరు పోయాక గాని పెద్దలు కూర్చుని రాజీ చేయలేదు. ఆ ఏడు కొండ మాదే, కానీ ఎవరూ ఎక్కలేదు. నాయనమ్మ మళ్లీ ఎన్నడూ అయ్యను గొంతెత్తి పిలవలేదు. కూటికి రమ్మనాలన్నా పోడు చేను దాకా నడిచి వెళ్లి చేయి ముట్టుకునేది.

ఇప్పుడా కొండనిండా కాఫీ తోటలు, చెట్లకు పాకిన మిరియాల తీగలు. దుప్పులు లేవు. ఇటుకల పండుగకు వెళ్లినవాళ్లు ఉత్త చేతులతోనే వస్తారు, ఆడవాళ్లు నవ్వుతూ నాలుగు చుక్కలు చిలకరిస్తారు. సామ అన్నం రుచి, జీలుగు కల్లు తీపి, వెన్నెల్లో థింసా ఆడే ఆడవాళ్ల వరస, పోయినవాటిని తలుచుకుంటే నాకు దుఃఖం ఆగదు. ఆ కుస్తీ పోయింది. దానికి మాత్రం నేను ఒక్క కన్నీటి చుక్క రాల్చను.