రాహుకాలం దాటాక పెట్టిన సంతకం

మా అమ్మాయి రమ్య కొత్త రేసింగ్ టీమ్‌లో చేరిపోయిందండీ! పాత టీమ్ వాళ్లు ఈ సీజనుకు కారు ఇవ్వలేమన్నాక, ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

ఈ శుక్రవారం పదిన్నరకి చెన్నైలో సంతకం. రాహుకాలమని మా ఆవిడ ఫోన్ చేసి ఆపించింది. ఈలోగా, పదిన్నర దాటినా ప్రకటన రాలేదని రేసుల అభిమానులు ఇంటర్నెట్‌లో, రమ్యకి ఈ టీమ్ కుదరలేదని రాసేశారు.

"నిజమేనా అమ్మా?" అని వెంటనే రమ్యకే ఫోన్ చేసి అడిగాను.

"లేదు నాన్నా, పెన్ను పట్టుకునే కూర్చున్నా. మేనేజరు గారు కూడా గడియారం చూస్తున్నారు. పన్నెండు దాటనీ, లేకపోతే అమ్మ ఊరుకోదు."

పెద్ద డ్రైవర్ల మీద పుట్టే పుకార్ల వెనక కూడా ఇలాంటి అమ్మ ఒకరు ఉంటారేమో, మీరేమంటారు?

పటమట బావగారికి, భవానీపురం అక్కయ్యకి ఇంకా చెప్పాలి. చిన్నప్పుడు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జీపు స్టీరింగ్ పట్టించిన హనుమాన్ జంక్షన్ అన్నయ్యకి మాత్రం ఫోన్ చాలదు, నేనే వెళ్లాలి.