ఏడెన్‌కు వేసిన టప్పా

హైదరాబాదు యాకుత్‌పురాలోని మొగులయ్యకు బర్రెల పనికన్నా ఊరి పనులే ఎక్కువ. పాలు పోసే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి అంటగట్టేవారు, మందు తెమ్మనో, ఉత్తరం టప్పాలో వేసి రమ్మనో. కాదనడం ఆయనకు చేతకాదు. అక్షరం ముక్క రాకపోయినా కవరు మీద పోస్టు టికెట్ ఎంత ముద్దుగా అంటిస్తాడో అని ఆడవాళ్ళు మెచ్చుకుంటే పొంగిపోయేవాడు. ఆ పొంగే చివరికి కొంప ముంచింది.

బార్కస్‌లోని అవద్ అనే అరబ్బు ఆయనకు చిన్ననాటి దోస్తు. మొగులయ్య పసితనంలోనే తల్లి పోతే, పాలచెంబుతో వచ్చే ఆ పిల్లవాడి ఆకలి కనిపెట్టి కడుపు నింపింది అవద్ తల్లి. ఆయనకు ఆమె ఖాలా, అంటే పిన్ని. తెలుగులోనే పలకరించేది.

నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ అయ్యాక అరబ్బులను చాలామందిని ఓడలెక్కించి అరబ్బు దేశపు రేవు ఏడెన్‌కు పంపేశారు. వాళ్ళలో అవద్ కూడా పోయాడు. పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, అరబ్బు దేశం ఏ దిక్కున ఉందో కూడా ఎరగడు. అయినా పంపేశారు. మంచం దిగలేని తల్లి ఇక్కడే ఉండిపోయింది.

"అమ్మ బతికున్నన్ని దినాలు ఏడెన్‌లనే కూసుంట, మొగులూ. ఎట్లన్న జేసి వాపస్ వస్త. ఆమె ఖబర్ మాత్రం రాయిస్తుండు," అన్నాడు అవద్ ఓడరేవుకు పోయే రైలెక్కే ముందు.

మొగులయ్య మాట తప్పలేదు. ఏడెన్‌లో అవద్ దిగిన సత్రం, ముసాఫిర్‌ఖానా పేరు కనుక్కుని, ఉత్తరాలు రాసిపెట్టే మున్షీతో నెలనెలా రాయించి, నిజాం సర్కారు టికెట్ అంటించి డబ్బాలో వేసేవాడు. నల్లగొండ మేనత్తకు ఆ టికెట్‌తోనే పోతుంది కదా. ఏడెన్ దూరమని ఇంకో టికెట్ ఎక్కువే అంటించేవాడు, పిచ్చి మారాజు. జవాబు ఒక్కటీ రాలేదు.

"ఖబర్ వచ్చిందా, బేటా?" అని ఖాలా రోజూ అడిగేది.

"వస్తది ఖాలా. సముద్రం దాటాలె గద."

మరుసటి ఏడు ఇండియా సర్కారు ఒక కొత్త స్టాంపు వేసింది. ప్రపంచంలోని దేశాల టప్పా శాఖలన్నీ ఒక కట్టుకు వచ్చి డెబ్బై అయిదేళ్ళయినందుకట. మీద భూగోళం బొమ్మ. ఇది అంటిస్తే తొందరగా చేరుతుందేమోనని ఆశపడి, మొగులయ్య నయాపూల్ దాటి ఇండియా వాళ్ళ పోస్టాఫీసుకు పోయాడు. ఏడెన్ పేరు వినగానే గుమాస్తా వెంకటనారాయణ తలెత్తాడు.

"ఇన్ని దినాలు ఏ టికెట్ పెట్టినవ్?"

"మన సర్కారుదే, సాబ్."

"గది మన నిజాం రియాసత్ దాటితే చెల్లదు, భాయ్. ఉత్తరం పోతది గని, అందుకునేటోని దగ్గర రెండింతలు వసూలు జేస్తరు. కట్టకుంటే చేతికియ్యరు."

కట్టుబట్టలతో ఓడెక్కినవాడి దగ్గర ఏముంటుంది? ఆ రోజే మొగులయ్య భూగోళం స్టాంపులు అంటించి మళ్ళీ రాయించాడు.

ఈసారి జవాబు వచ్చింది. రాసింది అవద్ కాదు, ముసాఫిర్‌ఖానా మనిషి. ఖాలా మంచం పక్కన కూర్చుని మున్షీ చదివాడు. ఉత్తరం వచ్చినప్పుడల్లా డబ్బు కట్టి విడిపించుకోలేక అవద్ విలవిల్లాడేవాడట. టికెట్ కూడా సరిగా పెట్టలేని తొందరలో మొగులయ్య మాటిమాటికీ రాస్తున్నాడంటే ఇంట్లో చావే అయి ఉంటుందని తేల్చుకున్నాడట. తల్లి పేర, పోయినవాళ్ళకు చదివే ఫాతిహా చదివించి, ఏదో పడవలో పనికి కుదిరి వెళ్ళిపోయాడు. ఏ రేవుకో ఎవరికీ తెలియదు.

మొగులయ్య తల పైకెత్తలేకపోయాడు. ఆ ఉత్తరాలే వేయకపోతే అవద్ ఇంకా అక్కడే ఉండేవాడు.

"నాకు ఫాతిహా చదివించిండా?" అంది ఖాలా. కాసేపటికి మళ్ళీ అదే మాట అంది. తర్వాత మొగులయ్య చెయ్యి పట్టుకుంది.

"ఇంకోటి రాయించు బేటా. బతికే ఉన్న అని ఒక్క ముక్క రాస్తే సాలు."

మున్షీ ఆ ఒక్క ముక్కా రాసి కవరు మడిచాడు. ఏ ఊరికి, అని అడిగాడు. మొగులయ్య దగ్గర చెప్పడానికి ఊరు లేదు.