పన్నెండో తారీఖున లెక్కలో పడినవారు

మత్సుహాషి ఫుమీయెకు మా కొండ ఉమ్మడి సంఘం ఇచ్చే అనుమతి పత్రంలో ఏడు షరతులు ఉండేవి. తొమ్మిదేళ్ళుగా ఏటా నవంబరు నెలలో ఆ పత్రాన్ని మూడు ప్రతులుగా నకలు తీసే బాధ్యత నాది కనుక అవన్నీ నాకు కంఠస్థం. ఆరింటి విషయంలో ఏనాడూ ఎవరికీ పేచీ రాలేదు. నాలుగోది మాత్రం ఇలా ఉంటుంది: "జనవరి పన్నెండో తారీఖున సదరు అనుమతిదారు ఎవరినీ కొండలోనికి తీసుకొనిపోరాదు, తానును పోరాదు. ఉల్లంఘించినచో అనుమతి రద్దగును."

ఆ రోజున కొండదేవత తన చెట్లను లెక్కపెట్టుకుంటుంది. ఆ సమయంలో కొండలో ఉన్న మనిషి కూడా చెట్టుగానే లెక్కలో పడతాడు. పడినవాణ్ణి ఆమె మళ్ళీ వదిలిపెట్టదు. ఇదంతా నిజంగా నమ్ముతారా అని మా ఊరివాళ్ళను అడిగితే చాలామంది నవ్వేసి మాట మారుస్తారు. అయినప్పటికీ కిందటి ఏడాది దాకా పన్నెండో తారీఖున కొండ ఎక్కినవాడు నా కాలంలో ఒక్కడూ లేడు.

ఫుమీయె తండ్రి తోకుజో మా చివరి వేటగాళ్ళ బృందానికి నాయకుడు. ఎలుగుబంటి వేటకు ఆడవాళ్ళు వెళ్ళకూడదు. అందుచేత ఆ పిల్ల తండ్రి భోజనం మూట పట్టుకొని వాగు దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయేది. వాగు దగ్గర వేటగాళ్ళు ఊరి మాటలు మానేసి కొండ మాటలు మొదలుపెట్టేవారు. బియ్యానికి, నీళ్ళకు, కుక్కకు, అన్నిటికీ అక్కడ వేరే పేర్లు. ఒడ్డున నిలబడి చెవులు రిక్కించి ఆమె ఆ మాటల్లో చాలావాటిని నేర్చేసుకున్నదన్న సంగతి తోకుజోకు చాలా కాలం దాకా తెలియదు.

పెద్దయ్యాక ఆమె సెందాయి నగరంలో పదిహేడేళ్ళు బస్సు నడిపింది. తండ్రి పోయాక తిరిగి వచ్చి, ఆయన గదిలో స్కీలు పెట్టుకొని, పరదేశీయులను కొండమీదికి తీసుకువెళ్ళే పని మొదలుపెట్టింది. తీగబండి, తీర్చిదిద్దిన దారి ఏదీ లేని కొండ మాది. స్కీల అడుగున వెనక్కి జారనివ్వని నూగు పట్టీలు అంటించుకొని, నిటారుగా ఎదిగే బునా చెట్ల మధ్యగా నాలుగు గంటలపాటు ఎక్కి, ఎవరి అడుగూ పడని మంచులో అరగంటలో దిగిపోవడం ఆ పని. సాయంత్రాలు వేడినీటి ఊటలో స్నానం, పొగబెట్టిన ముల్లంగి ఊరగాయతో భోజనం, తీగలతో మంచు చెప్పులు అల్లడం, నా దగ్గర కుంచెతో అక్షరాలు దిద్దుకోవడం. మొదట ఆమె అనుమతి కోరినప్పుడు ఆడమనిషి కదా అని కొందరు సణిగారు. సంఘం పెద్ద తకసుగి కన్బే నన్ను పాత కాగితాలన్నీ తిరగవేయమన్నాడు.

"వేటకి ఆడవాళ్ళు రాకూడదని ఉంది. స్కీలకి రాకూడదని ఎక్కడా లేదు," అని నేను మనవి చేశాను.

"అయితే పోనీ. మా తోకుజో కూతురు కాకపోతే ఇంకెవరు పోతారు?" అన్నాడు కన్బే. ఆయనకు ఇప్పుడు ఎనభై అయిదేళ్ళు. తోకుజో వెనకాలే ముప్పై ఏళ్ళు నడిచినవాడు.

కిందటి జనవరిలో నార్వే దేశం నుంచి నలుగురు వచ్చారు. వారిలో సిగ్రీద్ అనే నర్సు మా భాష కాస్త నేర్చుకొని వచ్చింది. హల్వార్ అనే ఆయన వంతెనలు కట్టే ఇంజనీరు, నలభై ఏళ్ళవాడు. మా గుమ్మాలన్నిటికీ తల తగిలేంత పొడుగరి. మిగిలిన ఇద్దరూ భార్యాభర్తలు. వచ్చిన రోజు నుంచీ మంచు తుఫాను. నాలుగు రోజులు గడప దాటలేదు. పదకొండో తారీఖు సాయంత్రం నా దగ్గర అక్షరాలు దిద్దుతూ సిగ్రీద్ తల ఎత్తి అడిగింది.

"రేపు వాతావరణం బావుంటుందట. పైకి వెళ్తామా, ఫుమీయె గారూ?"

"రేపు విశ్రాంతి. మోచి దంచుతాం."

"నాలుగు రోజుల్నించీ విశ్రాంతేగా!"

"ఊరంతా రేపు సెలవండీ. మీరూ వచ్చి రోకలి పట్టుకోండి, సరదాగా ఉంటుంది."

నేను కుంచె కింద పెట్టాను. వాళ్ళు స్నానానికి వెళ్ళాక, "అసలు సంగతి చెప్పలేదేమమ్మా?" అని అడిగాను.

"చెప్తే నవ్వుతారు, బాబాయ్ గారూ. నన్ను చూసి నవ్వితే నాకేం కాదు. ఆవిణ్ణి చూసి నవ్వితే మాత్రం నేను ఊరుకోలేను. వచ్చిన అతిథులతో పోట్లాడమంటారా?"

నేను లేచి కుంచెలు కడుక్కున్నాను. వాళ్ళకు నేనైనా చెప్పి ఉండవలసింది.

పన్నెండో తారీఖు ఉదయం ఆకాశం తుడిచిపెట్టినట్టు ఉంది. సంఘం ఇంటి ముందు పెద్ద రోలు పెట్టి మోచి ముద్దలకు ఉడికించిన బియ్యం దంచుతున్నాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య తడి చేత్తో ముద్దను తిప్పడం కన్బే వంతు. రోకలి సిగ్రీద్ చేతిలో ఉంది.

"నిమ్మళంగా అమ్మాయ్! ఈ చెయ్యి ఎనభై నాలుగేళ్ళ పాతది, మళ్ళీ దొరకదు!"

"మీరు తొందరగా తియ్యండి, తాతగారూ!"

"విన్నారా, నన్నే తొందరపెడుతోంది! మన ఊరి కోడలైపోయింది పో."

ముద్దలు చేసి వరసగా పేరుస్తుంటే ఆమె లెక్కపెట్టింది. "పన్నెండే ఎందుకు?"

"ఆవిడకి పన్నెండు మంది పిల్లలు. తలా ఒకటి," అన్నాడు కన్బే.

"ఎవరికి?"

కన్బే ఫుమీయె వంక చూశాడు. ఫుమీయె నడుముకు కట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ, "హల్వార్ గారు ఇంకా లేవలేదా?" అని మాట తప్పించింది.

"అతనా?" అన్నది సిగ్రీద్. "పొద్దున్న ఏడింటికే వెళ్ళిపోయాడు. విశ్రాంతి అలిసిపోయినవాళ్ళకి, నేను అలిసిపోలేదు అన్నాడు. కొంచెం దూరం ఎక్కి వచ్చేస్తాడట."

ముద్దలు చేసే చేతులు ఆగాయి. ఫుమీయె సంఘం ఇంటి గోడ వైపు చూసింది. అతిథుల నాలుగు జతల స్కీలలో ఒక జత లేదు. తరువాత ఆమె కొండ వైపు చూసింది. నాలుగు రోజుల కొత్త మంచు ఛాతీ లోతున పేరుకొని ఉంది, దానిమీద ఎండ పడుతోంది. అది ఎప్పుడు జారుతుందో తెలియని మంచు అని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మడిచి అరుగుమీద పెట్టింది.

"ఎక్కడికే?" అన్నాడు కన్బే.

"వాగు దాకా."

"వాగు దాకానేగా?"

ఆమె స్కీలు తొడుక్కుంది. నేనూ సిగ్రీద్ మంచు చెప్పులు వేసుకొని వెనకాల బయలుదేరాము. సంఘం లేఖకుడిగా అక్కడ ఉండడం నా విధి అనుకున్నాను. ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆత్రుత కూడా ఉన్నదని ఒప్పుకుంటాను.

కొండ ఎక్కడ మొదలవుతుందన్నది అనుమతి పత్రంలో ఎక్కడా రాసి లేదు. చివరి పొలం గట్టు దగ్గరని కొందరు, గుడి తోరణం దగ్గరని కొందరు అంటారు. తోకుజో కూతురికి మాత్రం అది వాగు దగ్గరే మొదలవుతుంది. హల్వార్ స్కీల జాడ మంచు కప్పిన వాగును దాటి, బునా చెట్లలోకి వెళ్ళిపోయింది. ఆమె ఒడ్డున ఆగింది, చిన్నప్పుడు భోజనం మూటతో ఆగిన చోటే. ఈల మూడుసార్లు ఊదింది. పై నుంచి ఏ జవాబూ రాలేదు.

"ఏమిటి? ఎందుకు ఆగారు?" అని సిగ్రీద్ నన్ను అడిగింది. అప్పుడు నేనే మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు. తన కాళ్ళ కేసి చూసుకొని, నెమ్మదిగా రెండు అడుగులు వెనక్కి వేసింది.

ఫుమీయె నా వైపు తిరిగింది. "బాబాయ్ గారూ, టైమెంతయింది?"

"తొమ్మిదీ ఇరవై."

"రాసుకోండి," అని, టోపీ తీసి కొండకు వంగి నమస్కరించి, వాగు దాటింది.

పదిన్నర ప్రాంతంలో పై నుంచి ఒక బరువైన చప్పుడు వచ్చింది, దూరంగా ఎవరో గోదాము తలుపు మూసినట్టు. చెట్ల పైన తెల్లటి పొడి లేచింది. సిగ్రీద్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె గుప్పిట ఎంత గట్టిదో ఇప్పటికీ నాకు జ్ఞాపకం.

పదకొండూ పదికి చెట్ల మధ్య నుంచి ఇద్దరూ దిగి వచ్చారు.

ఆ తరువాత హల్వార్ చెప్పినది ఇది. చెట్లు అయిపోయి బోసి వాలు మొదలయ్యే చోట అతడు చాక్లెట్టు తిని, బూట్ల పట్టీలు బిగించుకొని, అడుగు వేయబోతున్నాడు. వెనకనుంచి వచ్చి ఆమె అతని ఛాతీమీద అరచెయ్యి పెట్టింది. ఒక్క మాటా అనలేదు. అతడు ఎన్ని అడిగినా పెదవి విప్పలేదు. చెట్ల మధ్యగానే వెనక్కి నడిపించింది. కొంత దూరం దిగారో లేదో వెనక ఆ వాలు మొత్తం జారిపోయింది.

"ఎందుకు మాట్లాడలేదు?" అని సిగ్రీద్ అడిగింది.

"అక్కడ ఊరి మాటలు మాట్లాడకూడదు. కొండ మాటలు అతనికి రావు," అన్నది ఫుమీయె.

నేరుగా సంఘం ఇంటికి వచ్చాము. ఫుమీయె కన్బే ముందు మోకాళ్ళమీద కూర్చొని, అనుమతి పత్రం తీసి రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"తొమ్మిదీ ఇరవైకి దాటాను, పెద్దయ్య గారూ. పదకొండూ పదికి తిరిగొచ్చాను. ఇద్దరం. టైము బాబాయ్ గారు రాసుకున్నారు."

కన్బే పత్రాన్ని ముట్టుకోలేదు. "మనిషి కోసం వెళ్ళావు. దానికి నేను తప్పుపట్టను. మీ నాన్నైనా వెళ్ళేవాడే. కానీ ఈ పొడుగాయనకి ఇవాళ ఏ రోజో ఎవరూ చెప్పలేదా?"

"నేను చెప్పలేదు."

"ఏం?"

"నవ్వుతారని."

"ఊరగాయ తినిపించావు. ఊటలో ముంచావు. చెప్పులు అల్లించావు. నా చేత రోజుకోసారి పాత పాటలు పాడించి నా గొంతు పోగొట్టావు. అన్నీ చూపించి అసలుది దాచిపెట్టావు కదే! వాళ్ళు నవ్వుతారో లేదో ఆవిడ చూసుకుంటుంది. నీకెందుకే ఆ బెంగ?"

ఫుమీయె తల దించుకుంది. సిగ్రీద్ ఇదంతా మెల్లగా తమ భాషలో హల్వార్‌కు చెప్పింది. అతడు ఒక ప్రశ్న అడిగాడు. సిగ్రీద్ దాన్ని మా భాషలో చెప్పింది.

"అయితే ఇప్పుడు తను చెట్టేనా అని అడుగుతున్నాడు. ఏ చెట్టు అని కూడా."

గదిలో ఎవరూ నవ్వలేదు. కన్బే అతణ్ణి పై నుంచి కిందికి చూసి, "ఇంత పొడుగుంటే బునాయే అయ్యుంటుంది," అన్నాడు.

అప్పుడు నాకు ఒక కాగితం జ్ఞాపకం వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట, ఎలుకలు కొట్టిన ఒక పాత తీర్మానాన్ని నేనే నకలు తీశాను. వందేళ్ళ కిందట ముగ్గురు మనుషులు, తప్పిపోయిన బొగ్గులు కాల్చేవాణ్ణి వెతుకుతూ పన్నెండో తారీఖున కొండలోకి వెళ్ళారు. బీరువాలోంచి దాన్ని తీసి చదివి వినిపించాను: "లెక్కలో తమ స్థానమును భర్తీ చేయుటకై సదరు ముగ్గురును మంచు కరిగిన పిమ్మట తమ తమ ఎత్తు గల బునా మొక్క నొక్కొక్కటి నాటవలెను. అంతవరకు కొండలోనికి పోరాదు."

కన్బే రెండుసార్లు చదివించుకున్నాడు. "ఇదే చెయ్యి. పత్రం రద్దు చెయ్యను. మొక్కలు నాటేదాకా నా దగ్గర ఉంటుంది."

"మంచు కరిగేది మేలో, పెద్దయ్య గారూ," అన్నది ఫుమీయె.

"నాకు తెలీదా?"

ఆ శీతాకాలానికి ఇంకా ఏడు బృందాలు రావలసి ఉన్నాయి. ఆమె పెదవి కొరుక్కొని, "అలాగే," అన్నది. హల్వార్ గోడకు ఆనుకొని నిలబడితే కన్బే ఒక తాడుతో అతని ఎత్తు కొలిచి ముడి వేశాడు. "ఇంత మొక్కని వేళ్ళతో సహా తవ్వి తేవాలంటే నడుము విరుగుద్ది. కాస్త పొట్టివాడిగా పుట్టకూడదా ఏమయ్యా!" అని గొణిగాడు.

ఏడు బృందాలకూ ఆమె ఉత్తరాలు రాసింది. ప్రతులు నేనే తీశాను. మంచు బాగాలేదని గానీ ఒంట్లో బాగాలేదని గానీ రాయలేదు. ఏ రోజున, ఎందుకు, ఎవరి లెక్కలో పడినదీ ఉన్నది ఉన్నట్టు రాసింది. మూడు బృందాలు మానుకున్నాయి. నాలుగు మాత్రం కొండ ఎక్కకపోయినా పరవాలేదు, వస్తామన్నాయి. వచ్చినవారందరూ మొట్టమొదట అడిగింది ఒకటే, వాగు ఎక్కడ అని.

మే నెలలో హల్వార్ తిరిగి వచ్చాడు, సిగ్రీద్ కూడా. వాగు అవతలి ఒడ్డున, నేల కోసుకుపోయిన చోట రెండు గోతులు తవ్వాము. ఫుమీయె మొక్క ఆమె భుజం మీదుగా తొంగిచూసేంత ఉంది. హల్వార్ మొక్కను ముగ్గురు మోశారు. తాడు పెట్టి చూస్తే నాలుగు వేళ్ళు తక్కువైంది.

"మరి నేను ఇంకా నాలుగు వేళ్ళ చెట్టునేనా?" అని అతడు సిగ్రీద్ చేత అడిగించాడు.

"నాలుగు వేళ్ళు ఆవిడ లెక్కచెయ్యదులే. పన్నెండు మంది పిల్లల తల్లి," అన్నాడు కన్బే. కోటు జేబులోంచి అనుమతి పత్రం తీసి ఫుమీయె చేతిలో పెట్టాడు. మడతల దగ్గర అది మెత్తబడిపోయి ఉంది. ఇన్ని నెలలూ ఆయన దాన్ని జేబులోనే ఉంచుకున్నాడన్నమాట.

నవంబరులో కొత్త పత్రానికి ఎనిమిదో షరతు చేరింది: "నాలుగవ షరతు యొక్క కారణమును అతిథులకు మొదటి దినముననే అనుమతిదారు స్వముఖమున తెలుపవలెను." అది చేర్చమని సంఘాన్ని కోరినది ఫుమీయెయే.

ఈ జనవరి పన్నెండున కూడా ఆకాశం తేటగానే ఉంది. ఈసారి వచ్చిన అతిథులు ఆరుగురు. మోచి తిన్నాక వాళ్ళు సంఘం ఇంటి అరుగుమీద కంబళ్ళు కప్పుకొని, కొండకేసి చూస్తూ కూర్చున్నారు. స్కీలు ఆరు జతలూ గోడకు ఆనించి ఉన్నాయి. వాళ్ళలో ఒక పెద్దావిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పటికి ఎంతవరకు లెక్కపెట్టి ఉంటుంది?"

ఫుమీయె చేతికి అంటిన పిండి తుడుచుకొని కొండ వైపు తిరిగింది.

"పొద్దున్నే పైనుంచి మొదలెడుతుంది. మధ్యాహ్నానికి వాగు దగ్గరికొస్తుంది. అక్కడ నా చెట్టు ఉంది," అన్నది.