గుండం దగ్గర ఏడ్చిన చెయ్యి

మొన్న అబుదాబి ముసఫ్ఫాలో మా లేబర్ క్యాంపు వంటగదిలో పెనం మీద రొట్టె తిప్పుతుంటే కమురు వాసన వచ్చింది. రొట్టె మాడిందేమోనని చూస్తే రొట్టె బాగానే ఉంది, మాడుతున్నది నా చూపుడు వేలు. నొప్పి అసలు రానే లేదు. వేలు తీసి నల్లా కింద పెడితే నీళ్లు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో అదీ తెలియలేదు. రోడ్లు తవ్వే బ్రేకర్ మిషన్‌తో అబుదాబి మొత్తాన్నీ ఒకసారి పగలగొట్టి మళ్లీ కట్టించినవాణ్ని నేను. సరే, మొత్తం కాదు, ముసఫ్ఫాలో కొన్ని రోడ్లు, ఐకాడ్‌లో కొన్ని పాత ఫ్యాక్టరీల పునాదులు. కట్టించింది కూడా నేను కాదు. కానీ ఆ మిషన్ నా చేతుల్లో వదిలిపెట్టిన వణుకు మాత్రం అబద్ధం కాదు. ముందు రాత్రిళ్లు వేళ్లు జుమ్మనేవి, తర్వాత ఏసీ గదిలో సున్నం పూసినట్టు తెల్లబడేవి, ఇప్పుడు ఏమీ అనడం లేదు.

ఇవే చేతులు జగిత్యాల వైపు మా ఊళ్లో ఎంత తెలివిగా ఉండేవో చెబితే నమ్మరు. వానాకాలం మా ఇల్లంతా తడి తునికాకు వాసన, గోనెసంచి కింద మగ్గుతున్న ఆకు కట్టల వాసన, దానిలో కలిసిపోయిన తంబాకు ఘాటు, అటక మీద ఉల్లిగడ్డల వాసన. మా నాయనమ్మ ఒళ్లో చాట పెట్టుకుని, కత్తెరతో ఆకు కోసి, మాటల మధ్యనే బీడీలు చుట్టేది. వాటి మూతులు మడిచి ఒత్తే పని నాది. దీపం సన్నగిల్లినా ఏ ఆకు ఎండిపోయిందో, ఏది ఒత్తితే చిట్లుతుందో నా వేలి కొసకు తెలిసేది. ఊరి బీడీలన్నిటికీ నేనే మూతులు ఒత్తేవాణ్ని అని క్యాంపులో చెబుతుంటాను గానీ, నాలుగు ఒత్తి ఐదోదానికి గోటీల ఆటకు, అదే గోళీలాటకు, పారిపోయేవాణ్ని. ఓడినవాడు పిడికిలి నేల మీద ఆనిస్తే గెలిచినవాడు గోటీతో కణుపుల మీద కొట్టాలి. గోటీ తగలకముందే నాకు ఏడుపొచ్చేది. మా ఇంటి వెనక ఇంటి గంగారాం గెలిచినప్పుడు మాత్రం గోటీని కావాలనే పక్కకు పోనిచ్చేవాడు. ఆ గంగారామే ఈనాటికీ నా గదిలో, కింది మంచం మీద ఉంటాడు. పొద్దున్నే నా అంగీ గుండీలు పెట్టేది వాడే.

పీర్ల పండుగ వస్తే ఊరి నడుమ గుండం తవ్వేవాళ్లు. చింత మొద్దులు పొద్దంతా కాలి కాలి, చీకటి పడే వేళకు గుంత నిండా ఎర్రగా నిప్పులు మిగిలేవి. డప్పుల చప్పుడు, ఊదు పొగ, రంగు రంగుల దట్టీలు కట్టిన పీర్లు, కుండల్లో బెల్లం షర్బత్తు, రొట్టెలు నలిపి బెల్లం కలిపి ముద్దలు చేసిన మలీద. ఒక ఏడు ఆ గుండంలో నేను చెయ్యి పెట్టి, పిడికెడు నిప్పులు తీసుకుని, పీరు మూడు చుట్లు తిరిగేదాకా కన్ను ఆర్పకుండా నిలబడ్డాను. ఊరు ఊరంతా దండం పెట్టింది.

ఈ కథ నేను గల్ఫుకు వచ్చిన మొదటి ఏడు ఒక బీహారీకి చెప్పాను. ఆ తర్వాత నేపాలీలకు, పాకిస్తానీలకు, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. చెప్పిన కొద్దీ నిప్పులు పెరిగాయి. ఎవడైనా అనుమానంగా చూస్తే పక్క నుంచి గంగారాం, సచ్ హై భాయ్, అని సాక్ష్యం పలికేవాడు.

అసలు జరిగింది ఇంతే. గుండంలోంచి ఒక నిప్పురవ్వ ఎగిరి నా కుడి అరచేతి మీద పడింది. శనగగింజంత బొబ్బ లేచింది. డప్పుల్ని మించి ఏడ్చాను. నాయనమ్మ నన్ను చంకనేసుకుని పోయి, నీళ్లకుండ కింది తడిమట్టి తీసి పూసి, మలీద తన చేత్తో తినిపించింది. గంగారాం నా పక్కనే కూర్చుని, నా చెయ్యి మీద ఊదుతూ నా వంతు షర్బత్తు కూడా తాగాడు.

కరోనా సద్దుమణిగాక చేతుల నుంచి మిషన్ జారి పడటం మొదలైంది. పని వల్ల వచ్చిన జబ్బయితే కంపెనీ పరిహారం ఇవ్వాలని ఎవరో చెబితే అర్జీ పెట్టాను. ఈ చేతులతో ఊరికి పోతే బర్రె మెడకు తాడు కూడా కట్టలేను, ఆ పరిహారం ఒక్కటే ఇక నా బతుకు. మెడికల్ కమిటీ ముందుకు పిలిచారు. డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని వేళ్లకు సూది తాకించింది. ఎప్పుడు తాకిందో చెప్పమంటే నేను ఊరికే ఊహించి చెప్పాను, ఒక్కటీ కుదరలేదు. ఆమె ముఖం చూస్తే పరిహారం చేతికొచ్చినట్టే అనిపించింది.

అప్పుడు మందూబ్ ఖాదర్ లేచాడు. కంపెనీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి, హైదరాబాదు వాడు, మెస్సులో నా కథ విని చప్పట్లు కొట్టినవాడు. ఈయన చేతులు చిన్నప్పుడే కాలి మొద్దుబారాయి, మిషన్‌కు సంబంధం లేదు, ఈ సంగతి క్యాంపు మొత్తానికీ తెలుసు అని ఆమెకు ఇంగ్లీషులో చెప్పి, ఏమీ అనుకోవద్దన్నట్టు నా వైపు తిరిగాడు.

"బురా మత్ మానో చాచా. నువ్వే చెప్పినవ్ గద."

అదంతా గొప్పకు చెప్పుకున్నది, నేను అబద్ధాలకోరును అని ఒప్పుకున్నాను. అప్పుడు చెప్పింది అబద్ధమో ఇప్పుడు చెప్పేది అబద్ధమో ఎలా తెలుస్తుందని డాక్టరమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాకు మాత్రం లోపల సంతోషమైంది. బయట బెంచీ మీద నా ఊరివాడు ఉన్నాడు, ఆ రోజు నా పక్కనే ఉన్నవాడు, పిలిచి అడగండి అన్నాను. గంగారాం లోపలికి రాగానే ఒక్క మాటే అన్నాను. "గంగన్నా, చూసింది చూసినట్టు చెప్పు."

చిన్నప్పుడు ఇతను నిప్పులు పట్టుకున్నాడా అని ఖాదర్ అడిగాడు. గంగారాం నిటారుగా నిలబడ్డాడు.

"పట్టిండు. నేను కండ్లార చూసిన. పిడికెడు నిప్పులు. ఉఫ్ అనలే."

"ఏడ్చిన గదరా. నువ్వే గద ఊదినవ్," అన్నాను.

వాడు నా వైపు జాలిగా చూశాడు. "నువ్వెందుకేడుస్తవ్? ఎన్నడన్న ఏడ్చినవా?"

ఖాదర్ ఆ మాటల్ని ఉన్నదున్నట్టే ఇంగ్లీషులో చెప్పాడు, అందులో మోసం లేదు. కొన్నాళ్లకు జవాబొచ్చింది. చేతులు పాడైన మాట నిజమే గానీ, పని వల్లనే పాడయ్యాయని తేలలేదట. ఖలాస్.

కమిటీ ముందుకు పోయిన రోజు తిరుగు బస్సులో గంగారాంకు అంతా విడమరిచి చెప్పాను. నిప్పురవ్వ, బొబ్బ, తడిమట్టి, వాడు తాగిన షర్బత్తు. వాడు ఎవరిదో కథ విన్నట్టు విన్నాడు. నా మీద కోపంతోనో, పరువు కోసమో అలా చెప్పలేదని వాడి ముఖమే చెప్పింది. వాడికి అలాగే యాదికుంది. ఇన్నేళ్లు నేను చెప్పిందే వాడు చూసిందైపోయింది. చివరికి నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చూస్తే తెలిసింది గానీ, తాకితే తెలియలేదు.

"రంధి పెట్టుకోకే. మల్ల పిలిస్తె, ఏడ్చిండని అబద్ధం చెప్త తియ్," అన్నాడు.

మళ్లీ ఎవరూ పిలవలేదు. ఇప్పుడు మా వైపు పిల్లలు బీడీల మూతులు ఒత్తడం లేదట, మంచిదే. మలీద తినిపించిన నాయనమ్మ పోయి ఎన్నేళ్లో అయింది. చిన్న రవ్వకే ఊరు దద్దరిల్లేలా ఏడ్చిన ఆ పిల్లవాణ్ని ఎరిగినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. నా మాట ఎవరు నమ్ముతారు?