మోకాలి కుట్టు

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన రోజు మాట ఎవరెత్తినా లోర్నాకు ముందు అమ్మ ఐడెల్లా చెయ్యే గుర్తొస్తుంది. ఆ రాత్రి టీవీ చూస్తున్నంతసేపూ ఆమె బొటనవేలూ చూపుడువేలూ గుడ్డ అంచు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి.

అమెరికాలోని డోవర్ పట్టణంలో పదేళ్లు పసిపిల్లల లాగులు కుట్టిన మనిషి ఐడెల్లా. తర్వాత చంద్రుడి మీదికి వెళ్లేవాళ్ల దుస్తులు కుట్టే పనిలో చేరింది. అక్కడ గుండుసూదులు పొద్దున లెక్కపెట్టి ఇచ్చి, సాయంత్రం లెక్కపెట్టి తీసుకునేవారు. ఒక్కటి పొరల మధ్య మిగిలిపోయినా లోపలి మనిషి బతకడు. ఐడెల్లా అసలు ఆ గుండుసూదులే ముట్టుకునేది కాదు. పొర మీద పొర వేళ్లతో అదిమిపట్టి కుట్టేది.

ఆ ఏడాది వసంతంలో ఆమె కుట్టిన ఒక మోకాలి భాగం తనిఖీలో నెగ్గింది. దాన్ని పంపేముందు ఐడెల్లా మరోసారి తడిమి చూసింది. ఒక కుట్టు వెంట్రుకవాసి పక్కకు పోయింది. ఎవరికీ కనపడలేదు. తనే వెళ్లి చెప్పింది. విప్పి కుడదామంటే పాత కన్నాలు మిగులుతాయి. మూడు వారాల పని కత్తిరించి పారేశారు; ఆమె మొదటినుంచీ మళ్లీ కుట్టింది. పక్క మిషన్ల వాళ్లు రెండు ఆదివారాలు పనికి రావలసి వచ్చింది. కొన్నాళ్లు ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

చంద్రుడి మీద కాలు పెట్టిన ఆ రాత్రి, టీవీ తెర మీద తెల్లని ఆకారం నిచ్చెన దిగింది. కాసేపటికి రెండోది దిగింది. అవి గెంతడం మొదలుపెట్టగానే ఐడెల్లా కుర్చీ అంచుకు జరిగింది.

"మెల్లిగా నాయనా, ఆ మోకాలు నాది," అంది.

"నా ప్యాంటు అంచు ఈస్టర్ నుంచీ వేలాడుతోంది. దాని గురించి ఇంత దిగులు ఎప్పుడైనా పడ్డావా?" అన్నాడు లోర్నా తండ్రి ఆరిన్.

"అంచు ఊడితే నువ్వేం చావవులే," అంది ఆమె చూపు తిప్పకుండా.

అప్పటిదాకా చంద్రుణ్ణి చూస్తున్న లోర్నా, అమ్మ చూస్తున్నదాన్ని చూడసాగింది. గెంతిన ప్రతిసారీ ముడతపడి మళ్లీ సాగుతున్న గుడ్డ. దానికి అటువైపు గాలి లేదు. ఇటువైపు మనిషి. మధ్యలో, పొద్దున తన జడ అల్లిన వేళ్ల పని.

రెండు గంటలకు పైగా గడిచాక ఇద్దరూ నౌక లోపలికెక్కి తలుపు వేసుకున్నారని టీవీలో చెప్పారు. ఐడెల్లా వేళ్లు విడదీసి, తిమ్మిరెక్కినట్టు విదిల్చింది.

"ఏదీ, ఆ ప్యాంటు పట్టుకురా," అంది.

ఆరిన్ గుండుసూదుల డబ్బా కూడా తెచ్చాడు. ఆమె దాని మూత తియ్యలేదు.